బుధవారం పది: మాట్లాడటం

మా కాలేజీలో ఆయన్ని అందరూ ఒంటి మాస్టారనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకునేవారు. అందుకు కాదు. ఆయన ఎప్పుడూ ఒక్కరికే పాఠం చెప్పేవారు. ఇద్దరు కూర్చుంటే తడబడేవారు, ముగ్గురు కూర్చుంటే గోడకేసి చూసేవారు. అదే ఒక్క పిల్లో పిల్లాడో ఎదురుగా కూర్చుంటే, ఆయనంత మాట్లాడే మనిషి, ఆయనంత వినే మనిషి ఆ చుట్టుపక్కల లేడు.

కాలేజీ చాలా చిన్నది. ఒకప్పటి ధాన్యం గిడ్డంగి. కింద ఆరు గదులు, పైన ఆరు గదులు, మధ్యలో రాతి మెట్లు. నూట ఎనభై మంది పిల్లలు, పందొమ్మిది మంది మాస్టర్లు. లైబ్రరీ నేను చూసుకునేదాన్ని. మొదటి ఏడు పిల్లలందరూ కలిసి అన్నీ చదివేవాళ్ళు. లెక్కలు, చరిత్ర, సాహిత్యం, బొమ్మలు గీయడం. రెండో ఏడు మొదట్లో మాత్రం ఎవరి దారి వాళ్ళు వెతుక్కోవాలి. ఒక కాగితం ఇచ్చేవాళ్ళం. దాన్ని చదువు పత్రం అనేవాళ్ళం. అందులో మూడే ప్రశ్నలు. నీకేం తెలుసుకోవాలని ఉంది? ఎవరి దగ్గర తెలుసుకుంటావు? తెలుసుకున్నావని మాకెలా తెలుస్తుంది? మొదటి ప్రశ్న దగ్గరే సగం మందికి చెమటలు పట్టేవి. అన్నేళ్ళు బళ్ళో చదివినా ఆ మాట వాళ్ళనెవరూ అడిగి ఉండరు.

ఆ కాగితం మీద మాస్టారు సంతకం పెట్టాక, వారానికి ఒక గంట ఆ పిల్ల, ఆ మాస్టారు, మధ్యలో ఒక బల్ల. అంతే చదువు. ఒంటి మాస్టారు చరిత్ర మాస్టారు. ఆయన ఒక్కో పిల్లకి ఒక్కో నోటు పుస్తకం పెట్టేవారు. గంట అయిపోగానే ఏం మాట్లాడుకున్నారో ఒక పేజీ రాసుకునేవారు. తన మాటలు తక్కువ, పిల్లల మాటలు ఎక్కువ.

ఇది ఆ మాస్టారి కథ. కొంత నా కళ్ళతో చూసింది, కొంత ఆయనా వాళ్ళ అక్కా చెప్పింది.

ఆ పిల్ల ఆయన దగ్గరికి వచ్చేటప్పటికి దానికి పద్దెనిమిది నిండాయి. పొట్టిగా ఉండేది, మెట్లు రెండేసి చొప్పున ఎక్కేది. కాలేజీలో దాని పేరు వాగుడుకాయ. లైబ్రరీలో నిశ్శబ్దం పాటించండి అన్న బోర్డు కింద నిలబడి, ఆ బోర్డు ఎవరు రాశారు, ఏ రంగుతో రాశారు, ఆ రంగు ఇంకా ఎందుకు పోలేదు అని నన్నే అడిగేది. ఎంత కసిరినా కోపం తెచ్చుకునేది కాదు. "సరే మేడమ్, నోరు మూసుకుంటాను, చెవులు మాత్రం తెరిచే ఉంచుతాను" అనేది.

దాని చదువు పత్రం మీద మొదటి ప్రశ్న కింద ఒకటే వాక్యం రాసింది. "ఈ ఊళ్ళో మనం తొక్కుతున్న రాళ్ళన్నీ ఎవరు కొట్టారో తెలుసుకోవాలి."

మాస్టారికి ఆ వాక్యం తెగ నచ్చింది. సంతకం పెట్టారు. ఏడాది పాటు ప్రతి బుధవారం పది గంటలకి అది ఆయన గదిలో కూర్చుని చెప్పేది, ఆయన వినేవారు. రాళ్ళు ఎన్ని రకాలో పుస్తకాల్లో చదివింది. పాత కట్టడాల పునాదులు చూసింది. రాళ్ళు కొట్టే పనివాళ్ళు తాము చెక్కిన రాయి తమదేనని తెలియడానికి ఉలితో ఓ మూల చిన్న గుర్తు పెట్టేవాళ్ళని కనిపెట్టింది. ఒకడు చేప, ఒకడు నిచ్చెన, ఒకడు మూడు గీతలు. పల్చటి కాగితం రాయి మీద పరిచి పెన్సిలుతో రుద్దితే గుర్తు తేలుతుంది. అలా పదకొండు గుర్తులు తెచ్చి మాస్టారి బల్ల మీద పరిచింది.

ఆ చదువులో చివరి పని ఊరి బయట మూతపడ్డ ఒక రాళ్ళ క్వారీ చూసి రావడం. పిల్లలు కాలేజీ దాటి పని మీద వెళ్ళాలంటే ఒక కాగితం ఉండేది. మాస్టారు ఒక సంతకం, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక సంతకం. మాస్టారు తోడు వెళ్ళాలని రూలు లేదు. ఆయన మాత్రం వెళ్ళేవారు. ఆ శనివారం కూడా వెళ్ళాల్సింది. కానీ అదే రోజు మాస్టర్ల సమావేశం పెట్టారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఈ చదువు దండగ, అందర్నీ గదిలో కూర్చోబెట్టి చెబుదాం అని కొందరు పట్టుబట్టారు. దాన్ని కాపాడాలంటే ఒంటి మాస్టారు నోరు విప్పక తప్పదు. ఆయన ఆ సంగతి పిల్లతో చెప్పారు.

"మీరు రాకపోయినా ఏం పర్లేదు సార్. రాళ్ళు నన్ను కరవవు."

"సరే, వెళ్ళిరా. చూసిందంతా బుధవారం చెబుదువుగాని" అన్నారు మాస్టారు.

అంతకు ముందు రెండు రోజులు అకాల వర్షం పడింది. క్వారీ అంచున మట్టి నాని ఉంది. పిల్ల అంచు దాకా వెళ్ళి ఎదుటి గోడకేసి చూస్తూ నిలబడిందని దూరంగా మేకలు కాస్తున్న ఒకాయన చెప్పాడు. ఆయన కేక వేసేలోపే అంచు విరిగిపోయింది. కింద నలభై అడుగుల లోతున నీళ్ళు.

సమావేశంలో మాస్టారు చాలా బాగా మాట్లాడారు. ఒక్కొక్కరికి చెప్పే చదువు ఆయన మాటల వల్లే నిలబడింది. మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లు ఇంకా ఆగకముందే ఆఫీసులో ఫోను మోగింది.

విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదు, ప్రమాదం అని రాశారు. ప్రిన్సిపాల్ ఆ కాగితం తెచ్చి చూపిస్తే మాస్టారు చదివి మడిచి తిరిగి ఇచ్చేశారు. "తప్పు నీదేరా అని ఎవరో ఒకరు అని ఉంటే, కాదని వాదించుకుంటూ అయినా బతికేవాణ్ణి" అని చాలా రోజుల తర్వాత నాతో అన్నారు.

ఆ తర్వాత ఏడేళ్ళు ఆయన బుధవారం పది నుంచి పదకొండు దాకా ఎవరికీ పాఠం చెప్పలేదు. తలుపు వేసుకుని గదిలో కూర్చునేవారు. టైము టేబుల్లో ఆ గడి మీద ఒక అడ్డగీత. ఒకసారి ఆఫీసు గుమాస్తా తెలియక ఆ గంటకి ఒక కొత్త కుర్రాడి పేరు రాశాడు. జన్మలో గొంతు పెంచని మనిషి వచ్చి ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి గుమాస్తా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. పాపం ఆ గుమాస్తా ముక్కలు ఏరేసి, ఆ గడి మీద మళ్ళీ అడ్డగీత గీశాడు.

మెట్ల మీద ఎవరైనా రెండేసి మెట్లు ఎక్కిన చప్పుడు వినబడితే మాస్టారు మాట్లాడుతున్న మాట ఆపేసేవారు. చప్పుడు పైదాకా వచ్చి, తలుపు దాటి పోయేదాకా ఆగేవారు. ఎదురుగా ఉన్న పిల్లలకి మొదట్లో అర్థమయ్యేది కాదు. తర్వాత వాళ్ళే మెట్లు ఒక్కొక్కటే ఎక్కడం నేర్చుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఒకరిని చూసి ఒకరు. అయినా చప్పుడు ఆగలేదనేవారాయన. సెలవుల్లో, కాలేజీలో నేనూ ఆయనా తప్ప ఎవరూ లేనప్పుడు కూడా, నా లైబ్రరీ తలుపు దగ్గరకొచ్చి, "ఇప్పుడు ఎవరైనా పైకి వెళ్ళారా అమ్మా?" అని అడిగేవారు. లేదంటే తలూపి వెళ్ళిపోయేవారు. నేను కూడా విన్నానా అంటే చెప్పలేను. అడిగిన తర్వాత మాత్రం చాలాసేపు చెవులు అటే ఉండేవి.

ఇంట్లో ఆయనా, ఆయనకన్నా తొమ్మిదేళ్ళు పెద్దయిన అక్కా. ఆవిడ భర్త పోయాక తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. నోరు పదును. మాస్టారి మీద ప్రాణం.

"ఆ గంటసేపు ఏం చేస్తావురా నువ్వు?" అని అడిగిందట ఒకసారి.

"కూర్చుంటాను అక్కా."

"కూర్చోడానికి మనింట్లో కుర్చీల్లేవా? ఇక్కడే కూర్చో, కళ్ళముందు ఉంటావు."

మాస్టారు నవ్వలేదట. ఆవిడ కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఏడేళ్ళు గడిచాక ఒక బుధవారం పది గంటలకి ఆ తలుపు ఎవరో తట్టారు. ఆ గంటలో ఎవరూ తట్టరు. మాస్టారు వెంటనే లేవలేకపోయారట. రెండోసారి తట్టాక తీశారు. చేతిలో గుడ్డ సంచీతో ఒకావిడ నిలబడి ఉంది. ఆవిణ్ణి ఆయన ఒక్కసారే చూశారు, ఏడేళ్ళ కిందట, ఆసుపత్రి వరండాలో. ఆ పిల్ల తల్లి. బట్టలు కుట్టి బతికే మనిషి.

ఆవిడ నిలబడే ఉంది. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. ఇంటికి సున్నం వేయించడానికి బీరువా జరిపితే దాని వెనక గోడకి అంటించి కనబడిందట. పిల్ల చేతి రాతతో వారానికంతా రాసుకున్న టైము టేబుల్. సోమవారం తొమ్మిది, లెక్కలు. మంగళవారం పదకొండు, లైబ్రరీ. బుధవారం దగ్గర ఇలా ఉంది. "పది: మాట్లాడటం."

"ఇదేంటో అడుగుదామని వచ్చా" అంది ఆవిడ. గొంతు చాలా చిన్నగా ఉంది. "మా పిల్ల మాట్లాడేదా?"

మాస్టారు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. "అమ్మా, మీ అమ్మాయిని ఇక్కడ వాగుడుకాయ అనేవాళ్ళు" అన్నారు.

ఆవిడ ఆయన్ని అనుమానంగా చూసింది. "వేరే పిల్ల గురించి చెబుతున్నారేమో చూసుకోండి మాస్టారూ. మాది మూగమొద్దు. ఇంట్లో నాలుగు మాటలు దాటేది కాదు. వస్తున్నా, తిన్నా, చాలు, పడుకుంటున్నా. అంతే."

మాస్టారు బీరువా తెరిచి ఒక నోటు పుస్తకం తీశారు. ఏడేళ్ళుగా ఆయన దాన్ని తీయలేదు. మొదటి పేజీ చదివారు. "ఇవాళ వచ్చీ రాగానే, మన మెట్లలో మూడోది ఎడమవైపే ఎందుకు అరిగిందో తెలుసా సార్ అంది. తెలియదన్నాను. నేను ఆరు రోజులు చూశాను సార్, ఇప్పుడు ఎవరూ ఎడమవైపు ఎక్కరు. మరి ఎప్పుడు అరిగింది? పాత తలుపు ఆ పక్కన ఉండేదేమో, బస్తాలు మోసేవాళ్ళు అటునుంచి ఎక్కేవాళ్ళేమో, నాకు వాళ్ళ కాళ్ళు కనబడుతున్నాయి సార్, మీకు కనబడట్లేదా అంది."

ఆవిడ కుర్చీలో కూర్చుంది.

"అదే" అంది. "అది అలాగే చూసేది. నోటితో అనేది కాదు, చూసేది."

పేజీ అయిపోయింది. మాస్టారు రెండోది తిప్పబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్కటి చాలు. అన్నీ ఒక్కరోజే తినేస్తే రేపటికేం ఉంటుంది? వచ్చే వారం వస్తాను."

అలా మొదలైంది. నోటు పుస్తకంలో ముప్ఫై ఎనిమిది పేజీలున్నాయి. ఆవిడ ప్రతి బుధవారం పది గంటలకి వచ్చేది, పది నిమిషాలు ముందూ కాదు వెనకా కాదు. వింటూ చేతిపని చేసుకునేది. కాజాలు కుట్టేది, అంచులు మడిచేది. కొన్ని పేజీలు రెండుసార్లు చదివించుకునేది. ఏమీ అడిగేది కాదు. అలా ఏమీ అడగకుండా ఎదురుగా కూర్చుని వినే విద్యార్థి మాస్టారికి ఎప్పుడూ దొరకలేదు. వాళ్ళ అక్కకి సంగతి తెలిసి, "మంచిదే. ఆ గదిలో నువ్వొక్కడివే కూర్చుంటే నాకు భయంగా ఉండేది. ఇప్పుడు ఇద్దరున్నారు" అంది. తర్వాత తనలో తను గొణుక్కుందట, ఇద్దరేనా అని.

ఇరవై నాలుగో పేజీలో సూది వచ్చింది.

"ఇవాళ పన్నెండో గుర్తు తెచ్చింది" అని చదివారు మాస్టారు. "నిలువు గీత, పైన చిన్న కన్ను. సూదిలా ఉంది. వంతెన కింద మూడో రాయి మీద దొరికిందట. దాన్ని బల్ల మీద పెట్టి గంటసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉంది సార్ అంది."

కుట్టుకుంటున్న చేతులు ఆగాయి. ఆవిడ చేతిలో సూదిని చొక్కా మడతలో గుచ్చి, సంచీలో పెట్టుకుని, లేచి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని కూడా అనలేదు.

తర్వాతి బుధవారం ఆవిడ సంచీలోంచి అరచేతిలో పట్టేంత నున్నటి నల్లరాయి తీసి బల్ల మీద పెట్టింది. గుడ్డ కత్తిరించేటప్పుడు కదలకుండా దాని మీద పెట్టుకునే బరువు. ముప్ఫై ఏళ్ళుగా ఆవిడ బల్ల మీదే ఉంది. దాన్ని తిరగేసింది. అడుగున నిలువు గీత, పైన చిన్న కన్ను.

"మా ఆయన చెక్కిచ్చాడు. పెళ్ళయిన కొత్తల్లో. అందరూ చేపలూ నిచ్చెనలూ పెట్టుకుంటే నీ సూదిని నా రాయి మీద పెట్టుకుంటానన్నాడు. పిల్లకి మూడేళ్ళప్పుడు పోయాడు మాస్టారూ. రాతి పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. మా ఇంట్లో ఒకటే గది, మధ్యలో తెర. తెర అవతల దగ్గుతూనే ఉండేవాడు. పోయే ముందు నా చెయ్యి పట్టుకుని, దీన్ని ఆ రాళ్ళ దగ్గరికి పోనీకు అన్నాడు. సరే అన్నాను. అందుకని పిల్లకి నాన్న లారీ మీద వెళ్ళి తిరిగి రాలేదని చెప్పా. రాయి ఎక్కడిదని అడిగితే దారిలో దొరికిందన్నా. ఒక అబద్ధం ఆడాక ఇంకేం మాట్లాడినా ఎక్కడో తగులుతుంది కదా. అందుకని మాట్లాడటమే మానేశా. అదీ మానేసింది."

ఆవిడ ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. వాక్యం మధ్యలో ఇంకో వాక్యం ఎక్కుతోంది. మాస్టారు బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. ఆ వేగం ఆయనకి తెలుసు. ఆ గదిలో, అదే కుర్చీలోంచి, ముప్ఫై ఎనిమిది వారాలు విన్నారు. కళ్ళు మూసుకుంటే మాట్లాడేది ఎవరో చెప్పలేనని ఆయనకి అనిపించింది. అందుకని కళ్ళు మూసుకోలేదు.

ముప్ఫై ఒకటో పేజీ చదవాల్సిన వారం ఆయన ముందురోజే దాన్ని చదువుకుని చూశారు. ఇంతకు ముందెప్పుడూ అలా చేయలేదు. చదివి, ఆ వారం ఒంట్లో బాగాలేదని కబురు పెడదామా అనుకున్నారు. పెట్టలేదు.

"ఇవాళ ఒక ముసలాయన్ని కలిశానంది" అని మొదలుపెట్టారు. "ఒకప్పుడు క్వారీలో పనిచేశాడట. సూది గుర్తువాడు తెలుసా అని అడిగితే, బాగా తెలుసు, దగ్గుతో పోయాడు, బస్సు ఆఖరి స్టాపు దాటాక ఉన్న క్వారీలో ఉత్తరం గోడంతా వాడు కొట్టిందే అన్నాడట. వాడికో పిల్ల ఉండాలి, ఎక్కడుందో ఏమో అన్నాడట. ఇది చెప్పి నవ్వింది. ఆ పిల్లెవరో కనుక్కోవాలి సార్ అంది. తప్పకుండా కనుక్కుందాం అన్నాను."

కింద ఎవరో బల్లలు జరుపుతున్నారు. ఆవిడ చేతిపని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నేను నవ్వానమ్మా" అన్నారు మాస్టారు. "అది నవ్వింది కదా అని నేనూ నవ్వాను. ఎదురుగా కూర్చున్న పిల్ల ఏం చెబుతోందో వినడమే నా ఉద్యోగం. అదొక్కటే వచ్చు నాకు. అదీ రాలేదు."

ఆవిడ కాజా పూర్తి చేసి, దారం పంటితో తెంపి, వెళ్ళింది.

ముప్ఫై ఎనిమిదో పేజీలో నాలుగు వాక్యాలే ఉన్నాయి. క్వారీకి వెళ్ళడం, సమావేశం, రాళ్ళు నన్ను కరవవు అన్న మాట, వెళ్ళిరా అన్న మాట. మాస్టారు చదివి పుస్తకం మూశారు.

"నేను వెంట వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. సమావేశంలో నా మాట నెగ్గాలని ఉండిపోయాను. సంతకం పెట్టింది నేను. తప్పు నాది."

"ఆ కాగితం మీద ఇంకో సంతకం ఉంది" అంది ఆవిడ.

మాస్టారు తలెత్తారు.

"నాదే. పెళ్ళివాళ్ళ బట్టలు తొందరగా ఇవ్వాలి ఆ రోజు. మిషను తొక్కుతూనే ఉన్నా. అది కాగితం తెచ్చి మిషను మీద పెట్టి నిలబడింది. ఎప్పటికన్నా ఎక్కువసేపు నిలబడింది. ఎక్కడికి అని అడుగుతానని చూసింది. అడిగితే చెప్పేసేది మాస్టారూ, చెప్పడానికే నిలబడింది. నేను ఒక చేత్తో గుడ్డ పట్టుకుని ఇంకో చేత్తో సంతకం పెట్టి ఇచ్చేశా."

"మీరేం చేస్తారమ్మా. మీకు తెలియదు. నాకు—"

"అంత సుళువుగా మొత్తం మీరే తీసేసుకోకండి" అంది ఆవిడ. "నాకూ కొంచెం ఉంచండి. అది కూడా లేకపోతే నాకు దాని దగ్గర ఇంకేం ఉంది?"

ఆ తర్వాత మూడు బుధవారాలు ఆవిడ రాలేదు. పేజీలు అయిపోయాయి కదా, ఇక రాదని మేమనుకున్నాం. మాస్టారు మాత్రం పది గంటలకి తలుపు తీసి పెట్టి కూర్చునేవారు. ఇదివరకు మూసేవారు, ఇప్పుడు తీసి ఉంచారు. అంతే తేడా. ఆ మూడు వారాల్లో మనిషి సగమయ్యారు. మెట్ల చప్పుడు రెండింతలయిందని అక్కతో అన్నారట. ఒకరిది కాదక్కా, వెనక ఇంకెవరో దగ్గుకుంటూ ఎక్కుతున్నట్టుంది అని.

నాలుగో వారం ఆవిడ వచ్చింది, చేతిపని లేకుండా. "నన్నక్కడికి తీసుకెళ్ళండి" అంది.

వెళ్ళారు. ఎండాకాలం, మిట్టమధ్యాహ్నం. మాస్టారు, ఆవిడ, మాస్టారి అక్క. అక్కని రావద్దన్నారు గాని, "నువ్వు ఒకసారి వెళ్ళక చూశావు. నేనూ వెళ్ళక చూడాలా?" అంది. అంత కటువుగా తమ్ముడితో ఆవిడ ఎన్నడూ మాట్లాడలేదు. ఆఖరి స్టాపులో బస్సు దిగి రెండు మైళ్ళు నడిచారు. క్వారీ చుట్టూ ఇప్పుడు ఇనుప కంచె ఉంది. కాపలా ఆయన ఎవరు, ఎందుకు అని అడిగాడు. ఆవిడ చెప్పింది. ఆయన తాళం తీసి, అంచుకి పది అడుగులు ఇవతలే ఆగమని, తనూ వెంట వచ్చాడు.

ఎండకి నీళ్ళు బాగా అడుక్కి పోయాయి. ఎదురుగా ఉత్తరం గోడ. మొదట ఎవరికీ ఏమీ కనబడలేదట. వట్టి బూడిద రంగు బండ. కళ్ళు అలవాటు పడ్డాక అక్కే ముందు చూసి, "అవిగో" అంది. గోడ పైనుంచి కిందకి, కొట్టిన ప్రతి వరస చివరా, నిలువు గీత, చిన్న కన్ను. నిలువు గీత, చిన్న కన్ను. వందలు. మనిషి పైన మొదలుపెట్టి ఏళ్ళ తరబడి కిందకి దిగుతూ కొట్టుకుంటూ వెళ్ళాడు. ఆఖరి సూదులు నీళ్ళలోకి పోయాయి. ఎంత లోతు దాకా ఉన్నాయో కనబడలేదు.

ఆవిడ కింద కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. ఎవరితోనని కాదు. ఆయన పొద్దున్నే ఎలా లేచేవాడు, ఉలి ఎలా సానపట్టేవాడు, పొడి నిండిన చొక్కా దులిపితే గదంతా ఎలా మబ్బు పట్టేది, పిల్ల ఆ మబ్బులో ఎలా గంతులేసేది. గంట పైగా మాట్లాడింది. కాపలా ఆయన కూడా కదలకుండా విన్నాడు.

చివరికి ఆవిడ కాపలా ఆయన్ని అడిగింది. "మా పిల్ల ఎక్కడ నిలబడిందో తెలుసా బాబూ?"

ఆయన చెయ్యి చూపించాడు. కంచె లోపల, విరిగిన అంచు. సరిగ్గా ఆ గోడకి ఎదురుగా.

"అయితే చూసే ఉంటుంది" అంది.

చూసి ఉంటే మంచిదా, చూసింది కాబట్టే ముందుకు ఇంకో అడుగు వేసిందా, ఆ ప్రశ్న అక్కడున్న ముగ్గురికీ ఒకేసారి వచ్చిందని మాస్టారు నాతో చెప్పారు. వచ్చింది, మళ్ళీ పోలేదు. తిరుగు బస్సులో ఆవిడా అక్కా ఒక సీట్లో, ఆయన వెనక సీట్లో. ఆయన పక్కన ఖాళీ. జనం నిలబడి ఉన్నా ఎవరూ అందులో కూర్చోలేదు. ఎందుకో ఆయనా రమ్మని పిలవలేదు.

మరుసటి బుధవారం ఆవిడ వచ్చి, "మీరు చదివారు, నేను విన్నాను. ఇప్పుడు నేను చెబుతాను, మీరు రాయండి. దాని చదువు సగంలో ఉంది" అంది. చదువు పత్రంలో మూడో ప్రశ్నకి పిల్ల రాసిన జవాబు, ఒక పుస్తకం తయారు చేస్తాను అని. పన్నెండు గుర్తుల కాగితాలు, మాస్టారి ముప్ఫై ఎనిమిది పేజీలు, ముసలాయన మాటలు, తల్లి చెప్పిన నలభై పేజీలు. ఎనిమిది నెలలు పట్టింది. ఆవిడకి రాని మాట ఉంటే మాస్టారు అందించేవారు కాదు, ఆగేవారు. ఎంతసేపైనా. అది ఆయన పద్ధతి, ఏ పిల్లకైనా అంతే. బట్టలు కుట్టించుకోడానికి వచ్చేవాళ్ళు, ఆవిడ ఈమధ్య కొలతలు తీసుకుంటూ కూడా మాట్లాడుతోందని ఆశ్చర్యపోతున్నారని విన్నాను.

మాస్టారికి మెట్ల చప్పుడు ఆగిందా అని మీరడగొచ్చు. ఆగలేదు. ఒకసారి నేనే అడిగితే, "ఆగితే ఏం చెయ్యాలో నాకు తెలియదమ్మా" అన్నారు.

పుస్తకం కుట్టించి, అట్ట వేయించి, వాళ్ళిద్దరూ లైబ్రరీకి తెచ్చి నాకిచ్చారు. నేను పుస్తకానికి నంబరు వెయ్యాలి. నంబరు వెయ్యాలంటే అది ఏ చదువో తెలియాలి. రాళ్ళ శాస్త్రమా, చరిత్రా, జీవిత కథా? మూడు అరల దగ్గరా నిలబడి చూశాను. ఎక్కడ పెట్టినా మిగతా రెండూ అబద్ధమైపోతాయి. పాతికేళ్ళ ఉద్యోగంలో నాకు ఆ ఇబ్బంది రాలేదు. వెనక్కి వచ్చి ఆవిణ్ణే అడిగాను.

ఆవిడ అరలన్నీ ఒకసారి చూసింది. "అది ఒకచోట కూర్చునే రకం కాదండీ" అంది. "మీ బల్ల మీదే ఉంచండి. వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడుకుంటుంది."

మాస్టారు కిటికీ దగ్గర అటు తిరిగి నిలబడ్డారు. పుస్తకం ఇంకా నా బల్ల మీదే ఉంది. నంబరు వెయ్యలేదు.